నూటికి ఎన్ని పాళ్లు?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఏటా జరిగే ఫైనల్ సూపర్ బౌల్. దాన్ని ఎవరు గెలుస్తారో చెప్పేవాళ్లకు అమెరికాలో ఏ ఏడాదీ కొదవ ఉండదు. ఆ మాటను తామెంతవరకు నమ్ముతున్నారో కూడా చెప్పేవాళ్లే అరుదు.

1969 జనవరి 9, గురువారం రాత్రి. మయామీలో టచ్‌డౌన్ క్లబ్ వాళ్ల విందు. న్యూయార్క్ జెట్స్ క్వార్టర్‌బ్యాక్ జో నేమత్ బహుమతి అందుకుని మాట్లాడుతున్నాడు. ఆ ఆదివారం సూపర్ బౌల్‌లో జెట్స్‌కు ఎదురుపడబోయేది బాల్టిమోర్ కోల్ట్స్. హాల్లోంచి కోల్ట్స్ అభిమాని ఒకడు గట్టిగా ఎగతాళి చేశాడు. నేమత్ తడుముకోలేదు. ఆదివారం గెలిచేది మేమే, పూచీ నాది అనేశాడు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో అంతకు మించి పేరు మోసిన జోస్యం ఇప్పటికీ లేదు. ఆ రోజుకి మాత్రం అది ఒళ్లు తెలియని మాటలాగే వినిపించింది. కోల్ట్స్ ఆ సీజన్‌లో 14 మ్యాచ్‌లాడి 13 గెలిచారు. తమ పాత లీగ్ ఎన్ఎఫ్ఎల్ ఫైనల్లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌ను 34-0తో మట్టికరిపించారు. జెట్స్ ఆడేది 1960లో మొదలైన కుర్ర లీగ్ ఏఎఫ్ఎల్‌లో. ఆ లీగ్ విజేతలను అంతకుముందు రెండేళ్లూ సూపర్ బౌల్‌లో గ్రీన్ బే ప్యాకర్స్ 35-10తో ఒకసారి, 33-14తో ఇంకోసారి చిత్తు చేశారు. అందుకే బుకీలు కోల్ట్స్‌కు ఏకంగా 18 పాయింట్ల ఆధిక్యం కట్టారు. ఆదివారం సాయంత్రానికి స్కోరు జెట్స్ 16, కోల్ట్స్ 7.

ఈ కథ చెప్పేవాళ్లంతా నేమత్ ధైర్యం దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం ఆ ధైర్యం వెనక ఉన్న పని ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తుంది. జెట్స్ ఆటగాళ్లు వారమంతా కోల్ట్స్ ఆడిన మ్యాచ్‌ల ఫిల్ములు చూశారు. ఆ జట్టుతో ఆడగలమని ఆ తెర మీదే వాళ్లకు తెలిసింది. ఇంకా చూపిస్తే గర్వం తలకెక్కుతుంది, ఇక ఆపండి అని పీట్ లామన్స్ అనే ఆటగాడు అన్నాడట. కోల్ట్స్ రక్షణలో కుడివైపు వయసు మీద పడినవాళ్లున్నారని కనిపెట్టి, మ్యాట్ స్నెల్‌కు బంతి ఇచ్చి పదే పదే అటే పరుగెత్తించారు. అతను 121 గజాలు పరుగెత్తాడు. డాన్ మేనార్డ్ తొడ కండరం పట్టేసి సరిగా ఆడలేని స్థితిలో ఉన్నాడు. ఆ సంగతి కోల్ట్స్‌కు తెలియదు. వాళ్లు మేనార్డ్ మీదే ఒక కన్నేసి ఉంచితే, రెండో వైపు జార్జ్ సావర్ 8 పాస్‌లు పట్టి 133 గజాలు రాబట్టాడు. నేమత్ మాటకు ఆధారం ఉంది.

ఇదే మ్యాచ్‌లో ఇంకో దృశ్యం చూడండి. మొదటి సగం ముగియబోతోంది. జెట్స్ 7-0తో ముందున్నారు. కోల్ట్స్ ఒక ఎత్తు వేశారు. క్వార్టర్‌బ్యాక్ ఎర్ల్ మోరల్ బంతిని టామ్ మాటేకి ఇచ్చాడు, మాటే పరుగెత్తబోతున్నట్టు నటించి తిరిగి మోరల్‌కే విసిరాడు. జెట్స్ రక్షణ మొత్తం బోల్తా పడింది. అవతల గోల్ గీత దగ్గర జిమ్మీ ఆర్ చుట్టుపక్కల ఒక్క జెట్స్ ఆటగాడు లేడు. రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు. మోరల్‌కు అతను కనపడలేదు. మధ్యలో ఉన్న ఇంకొకరికి విసిరాడు, జెట్స్ ఆటగాడు జిమ్ హడ్సన్ దాన్ని ఎగరేసుకుపోయాడు. మోరల్ చూపు ఒక్క క్షణం అటు మళ్లి ఉంటే 7-7. అప్పుడు నేమత్ పూచీ ఏమై ఉండేదో!

తెలుసుకుని చెప్పిన మాట నిజమైంది. కానీ అది నిజం కావడానికి ఎదుటివాడి కంటికి ఒక మనిషి ఆనకపోవడం కూడా కావాల్సి వచ్చింది. సూపర్ బౌల్ జోస్యాల గురించి ఆలోచించినప్పుడల్లా ఈ రెండింటినీ కలిపే చూడాలని నా అభిప్రాయం. ఒకదాన్ని వదిలేస్తే రెండోది అర్థం కాదు.

18 పాయింట్లంటే ఎంత?

బలమైన జట్టు, బలహీనమైన జట్టు తలపడితే పందెం కాసేవాళ్లంతా ఒకే వైపు చేరతారు. ఆ చిక్కు తీర్చడానికి వచ్చిందే పాయింట్ స్ప్రెడ్. 1940ల్లో షికాగోకు చెందిన చార్లెస్ మెక్‌నీల్ అనే లెక్కల మాస్టారు దీన్ని కనిపెట్టాడని చెబుతారు. బలమైన జట్టు గెలిస్తే చాలదు, ఇన్ని పాయింట్ల తేడాతో గెలవాలి అని ముందే గీత గీస్తారు. డబ్బు ఎటు ఎక్కువ పడుతోందో, ఎవరికి దెబ్బ తగిలిందో చూసుకుని ఆ గీతను అటూ ఇటూ జరుపుతారు. లక్షలాది మంది సొంత డబ్బు పెట్టి చెప్పిన అభిప్రాయాలన్నీ చివరికి ఆ ఒక్క అంకెలోకి చేరతాయి. టీవీలో కోటు వేసుకుని కూర్చున్న ఏ మాజీ ఆటగాడి మాటకన్నా నేను దానికే ఎక్కువ విలువిస్తాను.

ఆ అంకె ఎంత నమ్మదగింది? హాల్ స్టెర్న్ అనే గణాంక శాస్త్రవేత్త 1980ల నాటి మూడు సీజన్ల ఎన్ఎఫ్ఎల్ మ్యాచ్‌లను ముందేసుకుని లెక్క కట్టి 1991లో ప్రచురించాడు. స్ప్రెడ్ చెప్పిన తేడాకు, మైదానంలో వచ్చిన తేడాకు మధ్య దూరం కొలిచాడు. సగటున స్ప్రెడ్ ఎటూ మొగ్గలేదు. బుకీల అంచనా న్యాయంగానే ఉంది. కానీ ఒక్కో మ్యాచ్ ఆ గీతకు అటూ ఇటూ చెదిరిపోయిన తీరు చూస్తే గుండె ఝల్లుమంటుంది. ప్రామాణిక విచలనం 13.86 పాయింట్లు. అంటే దాదాపు రెండు టచ్‌డౌన్లు.

ఈ లెక్కన 3 పాయింట్ల ఫేవరెట్ నూటికి 59 సార్లు గెలుస్తుంది. 41 సార్లు ఓడిపోతుంది. 7 పాయింట్ల ఫేవరెట్‌కు 69 పాళ్లు. 2008లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ ఒక్క ఓటమీ లేకుండా 18 గెలుపులతో ఫైనల్‌కు వచ్చారు. 12 పాయింట్ల ఫేవరెట్, అంటే 81 పాళ్లు. న్యూయార్క్ జెయింట్స్ చేతిలో 17-14తో ఓడారు. అదే పేట్రియట్స్ 2002లో 14 పాయింట్లు వెనకబడిన జట్టుగా బరిలో దిగి సెయింట్ లూయిస్ రామ్స్‌ను 20-17తో గెలిచారు. అప్పుడు వాళ్ల వంతు 16 పాళ్లే. ఇక నేమత్ జెట్స్? 18 పాయింట్లను ఈ సూత్రంలో వేస్తే సుమారు 10 పాళ్లు వస్తాయి. పదిసార్లు ఆడిస్తే ఒకసారి జరిగేది, ఆ ఒక్కసారి 1969 జనవరి 12న జరిగింది. దాన్ని మనం అద్భుతం అంటాం. లెక్క దృష్టిలో అది ఎప్పుడో ఒకప్పుడు జరిగి తీరాల్సిందే.

బంతి గుండ్రంగా ఉండదు

ఇంత చెదురు ఎందుకంటే, ఆట నిర్మాణమే అలాంటిది. ఒక జట్టు సీజన్ మొత్తంలో ఆడేది 17 మ్యాచ్‌లు. 2021కి ముందు 16, నేమత్ రోజుల్లో అయితే 14. బాస్కెట్‌బాల్‌లో 82 ఆడతారు. పదిహేడింటిని చూసి ఒక జట్టు సత్తా తేల్చి చెప్పడం ఎవరి వల్లా కాదు. పైగా ఫైనల్ ఒక్క మ్యాచే. ఓడితే మర్నాడు మళ్లీ ఆడదామని ఉండదు. మ్యాచ్‌లోనూ ఒక్కో జట్టు చేతికి బంతి పది, పన్నెండు విడతలే వస్తుంది. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు దాటలేకపోతే బంతి అవతలివాళ్లదే.

ఆ బంతి ఆకారం సంగతి వేరే చెప్పాలి. రెండు కొసలూ మొనదేలిన బంతి అది. చేజారి నేల మీద పడితే ఎటు ఎగురుతుందో జారవిడిచినవాడికీ తెలియదు. బంతిని జారవిడిచేలా చేయడంలో నైపుణ్యం ఉంది. జారిన బంతి ఎవరి చేతికి దొరుకుతుందన్నది మాత్రం చాలావరకు అదృష్టమేనని ఈ ఆట గణాంకాలు తవ్వినవాళ్లు ఎప్పుడో తేల్చారు. 2014 సూపర్ బౌల్‌లో డెన్వర్ బ్రాంకోస్ ఫేవరెట్లు. ఆ సీజన్‌లో 606 పాయింట్లు కొట్టి రికార్డు సృష్టించిన జట్టు. మొదటి బంతి క్వార్టర్‌బ్యాక్ పేటన్ మ్యానింగ్ పక్కనుంచి దూసుకుపోయి సొంత గోల్ గీత దాటింది. ఆట మొదలై 12 సెకన్లు. సియాటెల్ సీహాక్స్‌కు 2 పాయింట్లు. చివరికి 43-8.

టచ్‌డౌన్‌కు 6, ఆ వెంటనే కొట్టే కిక్‌కు 1, ఫీల్డ్ గోల్‌కు 3. అందుకే తేడాలు 3 దగ్గర, 7 దగ్గర గుమిగూడతాయి. ఈ సంగతి లెక్కలు రాని పిల్లలకు కూడా తెలిసేలా చేసే ఆట ఒకటి అమెరికా ఆఫీసుల్లో, ఇళ్లలో ఆడతారు. అక్కడ ఎడిసన్ అనే ఊళ్లో ఉండే మా అక్కావాళ్లింట్లో చూశాను. పెద్ద అట్ట మీద అడ్డంగా పది, నిలువుగా పది గడులు. ఇష్టమొచ్చిన గడిలో పేరు రాసుకోవాలి. వంద గడులూ నిండాక చీటీలు తీసి వరసలకు 0 నుంచి 9 దాకా అంకెలు వేస్తారు. ప్రతి క్వార్టర్ అయ్యాక రెండు జట్ల స్కోర్ల చివరి అంకెలు ఏ గడిలో కలిస్తే ఆ గడివాళ్లకు బహుమతి. మా అక్క కొడుకు నా గడి చూసి పెదవి విరిచాడు. "పిన్నీ, నీకు 2, 5 వచ్చాయి. ఇక నువ్వు బజ్జీలు తింటూ కూర్చో. 7, 0 ఎవరికొచ్చిందో వాళ్లదే పండగ." పదేళ్లవాడికి ఏ జట్టు గెలుస్తుందో తెలియదు, తెలుసని అనడం లేదు. ఏ అంకెలు తరచూ వస్తాయో తెలుసు. జోస్యంలో నాకు నచ్చిన తరహా అదే.

15 గెలుపుల వెనక

కాబట్టి ఏం చెప్పినా ఒకటేనా? కాదు. ఓపిగ్గా తవ్వితే కొంత తెలుస్తుంది. 2025 ఫిబ్రవరి 9న న్యూ ఓర్లీన్స్‌లో జరిగిన ఫైనల్ దానికి మంచి ఉదాహరణ.

కాన్సస్ సిటీ చీఫ్స్ వరసగా మూడో సూపర్ బౌల్ టైటిల్ కోసం వచ్చారు. ఎవరికీ ఆ ఘనత లేదు. సీజన్‌లో 17కు 15 గెలుపులు. ఎదురుగా 14 గెలిచిన ఫిలడెల్ఫియా ఈగల్స్. గెలుపుల పట్టిక చూస్తే చీఫ్స్‌దే పైచేయి. పాయింట్లు కూడితే మాత్రం బొమ్మ తిరగబడుతుంది. చీఫ్స్ సీజన్ మొత్తంలో కొట్టినవి 385, ఇచ్చినవి 326. తేడా 59. ఈగల్స్ కొట్టినవి 463, ఇచ్చినవి 303. తేడా 160. చీఫ్స్ గెలుపుల్లో ఎక్కువ భాగం చివరి నిమిషాల్లో, ఒక్క స్కోరు తేడాతో గట్టెక్కినవే.

బేస్‌బాల్ కోసం బిల్ జేమ్స్ చెప్పిన ఒక సూత్రం ఉంది. కొట్టిన పాయింట్లు, ఇచ్చిన పాయింట్ల నిష్పత్తి నుంచి ఒక జట్టుకు ఎన్ని గెలుపులు దక్కాలో అంచనా వేస్తుంది. దాన్ని ఫుట్‌బాల్‌కు సరిపడేలా సవరించి వాడతారు. చీఫ్స్ అంకెలు అందులో వేసి చూశాను. 10 గెలుపులు వచ్చాయి. ఈగల్స్‌కు 12 పైచిలుకు. చీఫ్స్ ఆఖరి మ్యాచ్‌లో ముఖ్యమైనవాళ్లకు విశ్రాంతినిచ్చి డెన్వర్ చేతిలో 0-38తో ఓడారు కాబట్టి దాన్ని తీసేసి మళ్లీ చూడటం న్యాయం. అప్పుడు కూడా 16 మ్యాచ్‌లకు పది, పదకొండే వస్తున్నాయి. వాళ్లు గెలిచింది 15. గట్టి పోటీలో చివర్లో నిలబడటం గొప్ప గుణమే, పాట్రిక్ మహోమ్స్‌కు అది ఉంది. కానీ ఆ గుణానికి తోడు ఏడాది పొడవునా నాణెం ఒకే వైపు పడితే, పడినన్నీ నైపుణ్యం ఖాతాలో రాసేయడం కుదరదు.

అయినా బుకీలు చీఫ్స్‌నే ఒకటి, ఒకటిన్నర పాయింట్లు ముందుంచారు. పేరు, అలవాటు, మహోమ్స్ మీద గురి అన్నీ అందులో ఉన్నాయి. సగం ఆటకే ఈగల్స్ 24-0. మహోమ్స్‌ను ఆరుసార్లు నేలకూల్చారు. అందుకోసం అదనంగా ఒక్క మనిషిని కూడా మీదికి పంపలేదు, ముందు వరస నలుగురే చాలారు. చివరికి 40-22.

పాయింట్ల తేడా చూసి ఈగల్స్ వైపు నిలబడినవాళ్లు ఈ గెలుపును తమ ఖాతాలో వేసుకున్నారు. వాళ్ల దారి సరైనదనే నేనూ అంటాను. కానీ ఆ లెక్క నుంచి నిజాయితీగా రాబట్టగలిగింది ఈగల్స్‌కు నూటికి యాభై అయిదో, అరవయ్యో. 40-22 వచ్చాక అది నూరు అయిపోయినట్టు మాట్లాడితే మోరల్ కంటపడని జిమ్మీ ఆర్‌ను మరిచిపోయినట్టే.

ఒరాంగుటాన్ నుంచి షేర్ మార్కెట్ దాకా

సాల్ట్ లేక్ సిటీలోని హోగల్ జూలో ఈలై అనే ఒరాంగుటాన్ ఉండేది. సూపర్ బౌల్ ముందు రెండు జట్ల గుర్తులు ఎదురుగా పెడితే ఒకదాన్ని ఎంచుకునేది. 2014 దాకా వరసగా ఏడేళ్లు అది ఎంచుకున్న జట్టే గెలిచింది. గుడ్డిగా ఏడుసార్లు సరిగ్గా చెప్పే అవకాశం 128లో ఒకటి. అబ్బురమే. కానీ ప్రతి జనవరిలో ఎన్ని జూలలో ఎన్ని ఏనుగులు, తాబేళ్లు, సీళ్లు ఇదే పని చేస్తాయో ఆలోచించండి. తప్పు చెప్పిన తాబేలు ఫొటో ఎవరూ వేయరు. 1998 నుంచి 2011 దాకా వరసగా 14 సూపర్ బౌల్స్‌లో టాస్ ఎన్ఎఫ్ఎల్ రెండు విభాగాల్లో ఒకటైన ఎన్ఎఫ్‌సీ జట్టే గెలిచింది. 16,384లో ఒక వంతు అవకాశం. నాణేనికి ఏ జట్టు మీదా అభిమానం ఉండదు.

1978లో లెనర్డ్ కాపెట్ అనే క్రీడా విలేఖరి ఇంకో వింత గమనించాడు. పాత ఎన్ఎఫ్ఎల్ వంశంలోని జట్టు గెలిస్తే ఆ ఏడాది షేర్ మార్కెట్ పెరుగుతోంది, ఏఎఫ్ఎల్ వంశం గెలిస్తే పడుతోంది. రెండింటికీ సంబంధం లేదని కాపెట్‌కూ తెలుసు. అయినా ఆ సూచిక ఏళ్ల తరబడి కలిసొస్తూ ఉంటే జనం నమ్మడం మొదలుపెట్టారు. 2008లో పాత ఎన్ఎఫ్ఎల్ వంశపు జట్టు జెయింట్స్ గెలిచింది. ఆ ఏడాదే మార్కెట్ కుప్పకూలింది.

సంక్రాంతి బరుల దగ్గర కుక్కుట శాస్త్రం పట్టుకుని, ఈ వారం, ఈ నక్షత్రం, ఈ దిక్కు నుంచి దించితే డేగ గెలుస్తుందా కాకి గెలుస్తుందా అని చూసే పెద్దమనుషులు మనకూ ఉన్నారు. గెలిచిన పందేలే ఊళ్లో చెప్పుకుంటారు. ఓడినవి బరిలోనే ఉండిపోతాయి.

ఇది సరదాగా ఉన్నంతసేపూ నాకు అభ్యంతరం లేదు. డబ్బు చేరినప్పుడే బాధ. అమెరికాలో 2018 మేలో సుప్రీంకోర్టు, క్రీడా పందేలను అడ్డుకుంటున్న 1992 నాటి చట్టాన్ని కొట్టేసింది. తర్వాత రాష్ట్రాలు ఒక్కొక్కటిగా తలుపులు తెరిచాయి. 2024 సూపర్ బౌల్ మీద 6.78 కోట్ల మంది పెద్దవాళ్లు 2,310 కోట్ల డాలర్లు కాస్తారని అక్కడి గేమింగ్ సంఘమే అంచనా వేసింది. ఇప్పుడు ఫోనులోనే పందెం. మామూలుగా 100 గెలవాలంటే 110 ఒడ్డాలి. అంటే నూటికి 52 కన్నా ఎక్కువసార్లు సరిగ్గా చెబితేనే అసలు నిలుస్తుంది. స్టెర్న్ చూపించిన చెదురులో ఆ పని ఏళ్ల తరబడి చేయగలిగేవాళ్లు బహు కొద్దిమంది.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్ బెట్టింగ్‌ను నిషేధించాయి. అయినా అప్పుల పాలైన కుర్రాళ్ల వార్తలు జిల్లా పేజీల్లో ఆగలేదు. క్రికెట్ అయినా ఫుట్‌బాల్ అయినా వాళ్లను ముంచే మాట ఒకటే, 'ఇది ష్యూర్'. ఆ మాట ఎలా తయారవుతుందో ప్రతి ఇంట్లో తెలియాలి. 6,400 మందికి మెసేజ్ పంపు. సగం మందికి ఈ జట్టు అని, సగం మందికి ఆ జట్టు అని. ఎవరికి తప్పిందో వాళ్లను వదిలెయ్. మిగిలిన 3,200 మందికి మళ్లీ అలాగే. అయిదు మ్యాచ్‌లయ్యేసరికి 200 మంది మిగులుతారు. వాళ్లకు అయిదుకు అయిదూ నిజమైన జోస్యాలు వచ్చాయి. ఆరోదానికి డబ్బు అడిగితే ఇవ్వకుండా ఉండగలరా? వాళ్ల కళ్లతో చూస్తే అతను సర్వజ్ఞుడు. వెనక పోగుపడ్డ 6,200 తప్పులు వాళ్లకు కనపడవు.

జోస్యానికి మార్కులు

మరి మంచి జోస్యాన్ని ఎలా గుర్తుపట్టాలి? దారి చూపింది వాతావరణ శాఖ మనిషి. రేపు వాన పడే అవకాశం 70 శాతం అన్నవాడికి మార్కులు వేయడం ఎలా అని ఆలోచించి, 1950లో గ్లెన్ బ్రయర్ ఒక కొలత ప్రతిపాదించాడు. చెప్పిన శాతానికి, జరిగినదానికి మధ్య తేడాను వర్గం చేయాలి. నమ్మకంగా చెప్పి తప్పినవాడికి శిక్ష ఎక్కువ పడుతుంది.

ఫైవ్‌థర్టీఎయిట్ అనే సంస్థ ఇదే కొలతతో ఎన్ఎఫ్ఎల్ మ్యాచ్‌లకు పాఠకుల చేత ఆట ఆడించింది. ఏ జట్టు గెలిచే అవకాశం ఎంతో శాతంలో చెప్పాలి. నూరు శాతం అని చెప్పి నిజమైతే 25 పాయింట్లు. తప్పితే 75 పోతాయి. 70 శాతం అంటే, నిజమైతే 16 వస్తాయి, తప్పితే 24 పోతాయి. 60కి 9, తప్పితే 11. యాభై అంటే వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. పెద్ద గొంతు ఎక్కువ రోజులు నిలబడలేని ఆట ఇది. నేమత్ తన నూరు శాతంతో ఆ ఆదివారం 25 సంపాదించి ఉండేవాడు. ఆ ధీమాతోనే అలాంటి మ్యాచ్‌లు పదింటికి పూచీ పడితే మునిగిపోయేవాడు.

2015 ఫైనల్‌కు ముందు మ్యాడెన్ అనే వీడియో గేమ్‌లో మ్యాచ్ ఆడించి చూస్తే పేట్రియట్స్ 28, సీహాక్స్ 24 వచ్చింది. మైదానంలోనూ అదే స్కోరు, అక్షరాలా. కానీ ఆట ముగియడానికి అర నిమిషం కూడా లేనప్పుడు సీహాక్స్ గోల్ గీతకు ఒక్క గజం దూరంలో ఉన్నారు. రెండో ప్రయత్నం. చేతిలో బంతి, వెనక మార్షాన్ లించ్ లాంటి పరుగు వీరుడు. పాస్ విసిరారు. డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోని కొత్త కుర్రాడు మాల్కమ్ బట్లర్ ఒక్క అంగలో ముందుకు దూకి దాన్ని అందుకున్నాడు. ఆ అంగ అర క్షణం ఆలస్యమైతే గెలిచే జట్టు వేరు, స్కోరు వేరు. ఆ జోస్యానికి నేను వేసే మార్కులు ఆ ఒక్క స్కోరును బట్టి కాదు. ముందూ వెనకా అది చెప్పినవన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

సూపర్ బౌల్ మనకు ఫిబ్రవరిలో సోమవారం తెల్లవారుజామున అయిదింటికి మొదలవుతుంది. అమెరికాలో ఉన్న పిల్లలు ఫోన్ చేసి ఎవరు గెలుస్తారని అడిగితే జట్టు పేరుతో పాటు ఒక శాతం కూడా చెప్పండి, వాళ్ల చేత చెప్పించండి. కాగితం మీద రాయండి. స్ప్రెడ్ 3 ఉంటే 59 దగ్గర మొదలుపెట్టండి, 7 ఉంటే 69 దగ్గర. ముఖ్యమైన ఆటగాడికి దెబ్బ తగిలిందని తెలిస్తే కొంచెం తగ్గించండి. సీజన్‌లో పాయింట్ల తేడా బాగుంటే కొంచెం పెంచండి. ఎనభై దాటించబోయే ముందు ఒక్కసారి ఆగండి. ఆట మొదలయ్యాక మాత్రం ఆ అంకె దిద్దడానికి వీల్లేదు. కాగితం పారేయకుండా దాచి, పై ఏడాది జోస్యం దాని కిందే రాయండి.